నీలికళ్ల ‘తోడేలు కుక్క’కు ముందు టీకా వేయించండి

ప్రశ్న: సార్, మాకు 110 గొర్రెలున్నాయి. ఏటా తోడేళ్లు పది పన్నెండు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. రెండు నెలల కింద బెంగళూరులో ఒక డీలరు దగ్గర 45 వేలు పెట్టి ‘వోల్ఫ్‌డాగ్’ పిల్లను తెచ్చాను. 40 శాతం తోడేలు రక్తమని కార్డు కూడా ఇచ్చాడు. ఆ వాసనకే తోడేళ్లు దగ్గరికి రావన్నాడు. ఇప్పుడు దానికి అయిదు నెలలు, బరువు 14 కిలోలు. కళ్లు నీలం, తోక వీపు మీదికి చుట్టుకుంటుంది. మొరగదు, రాత్రిళ్లు ఊళ పెడుతుంది. కొత్త మనిషిని చూస్తే మంచం కిందికి దూరుతుంది. గొర్రెపిల్లల్ని మాత్రం తరుముతుంది, ఒకదాని తొడ కొరికింది. తోడేలు రక్తం బయటపడుతోందా? పచ్చిమాంసం పెడితే మనుషుల దగ్గర ధైర్యం వస్తుందా? ఈ జాతికి టీకాలు అక్కర్లేదని డీలరు అంటే వేయించలేదు. మందలో రెండు గొర్రెలు తల ఒక పక్కకు వంచి గుండ్రంగా తిరుగుతున్నాయి. నాలుగు రోజుల కింద ఆడుకుంటుంటే మా చిన్నోడి చేతికి ఈ కుక్క పళ్లు దిగి కొంచెం రక్తం వచ్చింది, పసుపు పెట్టాం.
– ఒక గొర్రెల రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా

జవాబు: మీరు ఆఖరున రాసిన మాటే మొదట రాయాల్సింది. ఉత్తరం చదవగానే మీకు ఫోన్ చేసి, బాబును అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. తీసుకెళ్లారు, మంచిది. మిగతా రైతుల కోసం మళ్లీ రాస్తున్నాను. కుక్క పన్ను దిగి రక్తం వస్తే రేబీస్ భయం ఉంటుంది. పసుపు, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి పదిహేను నిమిషాలు! తర్వాత అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం వచ్చిన గాయానికి రేబీస్ టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే మందు) కూడా ఇవ్వాలి. అది మొదటి టీకా రోజే పడాలి, కుదరకపోతే అక్కణ్నుంచి ఏడు రోజుల్లోపు. కండకు వేసే టీకా అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో. 0 అంటే మొదటి సూది వేసిన రోజు. ఒక సూది వేయించుకుని, నొప్పి తగ్గింది కదా అని మానేయకండి.

కరిచిన కుక్కను పది రోజులు కట్టేసి చూడడమంటే, ఆ పది రోజులు ఆసుపత్రికి వెళ్లకుండా ఇంట్లో కూర్చోవడం కాదు. సూదులు మొదటిరోజే మొదలుపెట్టాలి. పదో రోజు దాటినా కుక్క మామూలుగా తింటూ తాగుతూ ఉంటే మిగతా సూదుల సంగతి డాక్టరు చెబుతారు. ఇక్కడే మీ తోడేలు రక్తం ప్రశ్న నిజంగా పనికొస్తుంది. పది రోజుల లెక్క కుక్కకూ పిల్లికీ తేల్చింది. తోడేలు విషయంలో దాన్ని నమ్మడానికి లేదు. అంటే డీలరు కార్డును మీరు నిజంగా నమ్మితే ఆ లెక్క మీకు చెల్లదు, సూదులు అన్నీ పూర్తిగా వేయించాల్సిందే.

ఇంతకీ అది తోడేలు కాదు. మీరు ఫోన్లో పంపిన ఫొటోలు చూశాను. తోడేలు పిల్ల పుట్టినప్పుడు కళ్లు నీలంగానే ఉంటాయి. కొన్ని వారాలకే రంగు మారి తేనెరంగులోకో పసుపులోకో తిరుగుతాయి. అయిదు నెలలకు గాజుగోళీల్లా నీలంగా ఉన్నాయంటే ఆ కళ్లు సైబీరియన్ హస్కీవి. తోడేలు తోక కిందికి వేలాడుతుంది, కొడవలిలా వీపు మీదికి చుట్టుకోదు. మొరగకుండా ఊళ పెట్టడం, కదిలే చిన్న జంతువునల్లా తరమడం రెండూ హస్కీ లక్షణాలే. చెవులు, మూతి చూస్తే జర్మన్ షెపర్డ్ కలిసినట్టుంది. మీరు తోడేలు రక్తం బయటపడుతోందనుకుంటున్నది మంచుబళ్లు లాగే కుక్క రక్తం. జన్యు పరీక్ష చేయిస్తే ఖాయంగా తేలుతుంది కానీ, ఆ డబ్బు టీకాలకు, కడుపులో పురుగుల మందుకు పెట్టమంటాను.

నిజమైన వోల్ఫ్‌డాగ్ జాతులు లేకపోలేదు. రెండింటిని కుక్క జాతులను గుర్తించే ఎఫ్‌సీఐ అనే అంతర్జాతీయ సంస్థ గుర్తించింది. నెదర్లాండ్స్‌లో లీండర్ట్ సార్లోస్ అనే ఆయన 1930లలో జర్మన్ షెపర్డ్‌ను ఆడ తోడేలుతో కలిపాడు. షెపర్డ్ కంటే గట్టి పనికుక్క కావాలన్నది ఆయన ఆశ. వచ్చింది మాత్రం కొత్తది ఏది కనిపించినా తప్పుకుపోయే బెరుకు కుక్క. అదే సార్లోస్ వోల్ఫ్‌డాగ్. రెండోది చెకోస్లొవేకియాది. 1955లో కారెల్ హార్ట్‌ల్ అనే సైనికాధికారి సరిహద్దు కాపలా కోసం కార్పాతియన్ తోడేళ్లను షెపర్డ్‌లతో కలపడం మొదలుపెట్టాడు. 1980లలో ఆఖరుసారి తోడేలును కలిపారు. తర్వాత కుక్కకు కుక్కనే కలుపుతూ వచ్చారు. 1999లో పూర్తి గుర్తింపు వచ్చింది. ఆ దేశాలవాళ్లకు అంత ఓపికా, లెక్కాపత్రం ఉండి కూడా శిక్షణ దగ్గర షెపర్డే తేలికన్నారు.

కాబట్టి పూర్వీకుల్లో తోడేలు ఉందా అంటే ప్రతి కుక్కకూ ఉంది, మీ వీధిలో పడుకున్నదానికీ ఉంది. అడగాల్సింది ఎన్ని తరాల వెనక అని. తోడేలూ కుక్కా కలిస్తే పిల్లలో సగం. ఆ పిల్లను మళ్లీ కుక్కతో కలిపితే పావు, తర్వాత అరపావు, ఆ తర్వాత వీసం. ఇదీ కాగితం మీద సగటే. ఒకే ఈతలోని రెండు పిల్లలకు తోడేలు వాటా ఒకేలా పంచిరాదు. ఈ లెక్కలో 40 తేలికగా ఎక్కడా తగలదు. డీలరు ఏ తక్కెడలో తూచాడో మరి!

తోడేలు దగ్గరి తరంలో ఉంటే మాత్రం తేడాలు నిజమే. అన్నిటికంటే పెద్దది మచ్చిక వయసు. తోడేలు పిల్ల రెండు వారాలకే, కళ్లు చెవులు సరిగా తెరుచుకోకముందే, వాసనతో లోకాన్ని తెలుసుకోవడం మొదలుపెడుతుంది. కుక్కపిల్ల అదే పని నాలుగో వారంలో, చూస్తూ వింటూ మొదలుపెడుతుంది. అందుకే కుక్కకు మనిషి తేలికగా అలవాటవుతాడు. సగం తోడేలైన పిల్లను రెండు వారాలకే చేతిలోకి తీసుకుని పెంచకపోతే జన్మంతా మనల్ని చూసి తప్పుకుంటూనే ఉంటుంది. రెండోది తిండి. పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలుకు రెండు ప్రతులే ఉంటాయి. కుక్కలకు అవి చాలా రెట్లు పెరిగాయి. మన ఊరకుక్క రాగి సంగటి తిని నిగనిగలాడేది అందుకే. తోడేలును సంగటి మీద సాకలేం.

మీ పిల్ల బెరుకు ఈ కోవలోది కాదు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా మనుషులు, పిల్లలు, మేకలు, మోటారు చప్పుళ్లు అన్నీ చూపించాలి. ఆ రోజులన్నీ దీన్ని బోనులో ఉంచి, మూడు నెలలు నిండాక మీకు అంటగట్టారు. పచ్చిమాంసంతో ధైర్యం రాదు, బద్దెపురుగులు వస్తాయి. రోజూ ఒకే వేళకు ఒకే మనిషి తిండి పెట్టండి. కొత్తవాళ్లు వచ్చినప్పుడు మంచం కిందినుంచి లాగకండి, దానంతట అది వచ్చేదాకా ఆగండి. ఆరేడు నెలలు పడుతుంది. మీ చిన్నోడిని దానితో ఒంటరిగా వదలొద్దు. మే నెల ఎండలో రెండు పొరల వెంట్రుకలున్న ఈ కుక్కకు నీడ, నీళ్లు రోజంతా ఉండాలి. చల్లగా ఉంటుందని బొచ్చు గొరిగించకండి, ఆ బొచ్చే దానికి ఎండ నుంచి అడ్డం.

కాపలాకు ఇది పనికిరాదు. నిజంగా తోడేలు సంకరమైనా పనికొచ్చేది కాదు. తోడేలు వాసనకు తోడేళ్లు పారిపోతాయని ఎవరన్నారు? పక్క గుంపు ఎదురైతే కొట్లాడతాయి. ఎదతో ఉన్నదైతే కలుస్తాయి కూడా. పుణె దగ్గరి గడ్డిభూముల్లో కుక్క, తోడేలు కలిసి పుట్టిన జంతువు జన్యు పరీక్షలో రుజువైంది. దేశం మొత్తానికి మూడు వేల చిల్లర తోడేళ్లు ఉంటాయని అంచనా. వాటికి మన టీకా లేని కుక్కల నుంచి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు, రేబీస్ తోడైతే ఇంకేం మిగులుతాయి? తోడేలు వన్యప్రాణి చట్టం ఒకటో షెడ్యూలులో ఉంది. పొదల్లోంచి పిల్లల్ని తెచ్చి సంకరం చేద్దామని మీ ఊళ్లో ఎవరైనా అంటే జైలు సంగతి చెప్పండి.

మందకు కావలసినది మంద మధ్యే పెరిగిన కుక్క. మీ దగ్గర రెండు నాటుకుక్కలున్నాయని ఫోన్లో మాటవరసకు చెప్పారు. అసలు కాపలా అవే. వాటి ఈత పిల్లను ఎనిమిది వారాలకు దొడ్లోనే గొర్రెల పక్కన వదలండి. రాత్రి వలదొడ్డి చుట్టూ ముళ్లకంప వేయండి. పాలు తాగే పిల్లల్ని గంప కింద మూయండి. గంపల మీద బరువు పెట్టండి. 45 వేలకు ఎంత వల వచ్చేదో మీరే లెక్క వేసుకోండి.

ఇక ఆ రెండు గొర్రెలు. జ్వరం, ఒక చెవి వాలడం, నోటి వెంట చొంగ ఉంటే లిస్టీరియా అనే సూక్ష్మజీవి మెదడుకు సోకి ఉండొచ్చు. అది రోజుల్లో చంపుతుంది, వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. అవేమీ లేకుండా వారాల తరబడి మెల్లగా తిరుగుడు పెరిగితే గిడ్, అంటే మెదడులో నీటితిత్తి. కుక్క పేగుల్లో బద్దెపురుగు, దాని గుడ్లు కుక్క మలంలో, అక్కణ్నుంచి గడ్డి మీదికి, గొర్రె మెదడుకు. ఆ తలకాయను మళ్లీ కుక్కకే వేస్తాం. చక్రం పూర్తవుతుంది. గొర్రెలో ఈ తిరుగుడు కనబడడానికి నెలలు పడుతుంది కాబట్టి రెండు నెలల కింద వచ్చిన పిల్లది కాదు పాపం, పాత కుక్కలది. మూడింటికీ ప్రాజిక్వాంటెల్ కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, ఆరు వారాలకోసారి. ప్రాజిక్వాంటెల్ 50, పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన మాత్ర అయితే 10 కిలోలకు ఒకటి. మీ పిల్లకు ఒకటిన్నర. మందు వేశాక కుక్కల్ని రెండు రోజులు కట్టేసి, వాటి మలం కాల్చేయండి. చచ్చిన గొర్రె తల ఏ కుక్కకూ వేయొద్దు. కాల్చండి, లేదా లోతుగా పూడ్చండి.

టీకాలు అక్కర్లేదన్న మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అమెరికాలో తోడేలు సంకరాల మీద వాడడానికి ఏ రేబీస్ టీకాకూ లైసెన్సు లేదు. పరీక్షించి లైసెన్సు ఇవ్వలేదన్న మాటను మన డీలర్లు అవసరమే లేదన్న మాటగా తిప్పారు. అక్కడ అలాంటి జంతువు కరిస్తే టీకా వేసినదైనా వేయనట్టే లెక్క. తలకు ముప్పు తెచ్చే విషయాన్ని అమ్మకానికి వాడుకున్నారు. కుక్కల డీలరైనా, పురుగుమందుల డీలరైనా సలహా ఉచితంగా ఇస్తున్నాడంటే దాని ఖరీదు ఎక్కడో కలిపాడనే అర్థం. ఇదే వోల్ఫ్‌డాగ్ మోజులో 2025లో బెంగళూరులో ఒకాయన 50 కోట్లకు కొన్నానని చెప్పుకుంటే, ఈడీ వాళ్లు వెళ్లి చూసి అంత సొమ్ము చేతులు మారలేదని తేల్చారు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు రాసిన ఉత్తరంలో వోల్ఫ్‌డాగ్‌లూ ఉన్నాయి. సంబంధించినవాళ్లతో మాట్లాడకుండా రాశారని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కొట్టేసిందని కొనుక్కోమని అర్థం కాదు. కొనేవాళ్లు కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషను, మైక్రోచిప్ నంబరు అడగండి. మీ కార్డు మీద తోడేలు బొమ్మ, శాతం తప్ప ఒక్క నంబరూ లేదు.

కరిచి ఈరోజుకు పదకొండో రోజు, పిల్ల బాగానే తింటోందన్నారు. పరిశీలనలో ఉన్నప్పుడు కుక్కకు టీకా వేయకూడదు. ఇప్పుడు గడువు దాటింది కాబట్టి రేపు ఉదయమే మీ పశువైద్యశాలకు వెళ్లండి. రేబీస్ టీకా 1 మి.లీ. చర్మం కింద, నాలుగు వారాలకు బూస్టరు, అక్కణ్నుంచి ఏటా. ఈరోజే పురుగు మాత్ర వేసి, వారం తర్వాత పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్, లెప్టో కలిసిన టీకా, మళ్లీ నాలుగు వారాలకు రెండో డోసు. సీసా ఐసు డబ్బాలోంచి తీశారా, బల్ల మీంచి తీశారా చూడండి. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో లేని టీకా వేసినా వేయనట్టే. నాటుకుక్కలు రెండింటినీ వెంట తీసుకెళ్లండి. జూలై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) నాడు పశువైద్యశాలల్లో రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు, కానీ దానికోసం ఆగొద్దు. కొరికిన గొర్రెపిల్ల గాయాన్ని సబ్బుతో కడిగి పోవిడోన్ అయోడిన్ రాయండి, ఈగలు వాలకుండా చూడండి.

మూడు కుక్కల టీకా కార్డులూ, బాబు సూదుల చీటీ ఫొటో తీసి నాకు పంపండి.