ఒక యాంటెన్నా, మూడు రిసీవర్లు: ఎవరి వాటా ఎంత?

ప్రశ్న: నాకు హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకి వైర్‌లెస్‌లో మాట్లాడుకునే అనుమతి, ఉందండి. మేడ మీద పైపుకి డిస్కోన్ యాంటెన్నా బిగించి, అక్కణ్నుంచి గదిలోకి దాదాపు 30 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ దింపాను. ఛానళ్లని ఒకదాని తర్వాత ఒకటి వెతికి వినిపించే స్కానర్లు రెండు, కంప్యూటర్‌నే రేడియోగా మార్చే ఎస్‌డీఆర్ డాంగిల్ ఒకటి ఉన్నాయి. మూడింటినీ టీ కనెక్టర్లతో ఆ కేబుల్‌కే కలిపాను. అప్పట్నుంచి ఒక స్కానర్ ఆన్ చేస్తే రెండోది ఏదో ఒక ఛానల్ దగ్గర మాటాపలుకూ లేకుండా ఆగిపోతోంది. దూరపు స్టేషన్లు అసలు వినబడట్లేదు. బూస్టర్ పెడితే సరిపోతుందా? నా 50 వాట్ల హ్యామ్ సెట్టు కూడా దీనికే కలపొచ్చా?
– అమలాపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: చివరి ప్రశ్నకి ముందు చెప్తాను, ఎందుకంటే అందులోనే డబ్బు నష్టం ఉంది. కలపొద్దు. ఒక సిగ్నల్‌ని పంచిపెట్టే మామూలు స్ప్లిటర్‌లో ఒక పోర్టు నుంచి పక్క పోర్టుకి 20 డెసిబెల్ అడ్డు ఉందనుకుందాం. అంటే వందో వంతు మాత్రమే అటు దాటుతుంది. మీ 50 వాట్లలో వందో వంతంటే అర వాటు. మైక్రోవోల్టులు వినడానికి పుట్టిన స్కానర్‌కి అర వాటు తగిలితే ముందు భాగంలోని ట్రాన్సిస్టర్ పోవచ్చు. టీ కనెక్టర్‌తో అయితే ఆ అడ్డు కూడా లేదు. హ్యామ్ సెట్టుకి వేరే యాంటెన్నా పెట్టుకోండి. రెండింటి మధ్యా వీలైనంత ఎడం ఉంచండి.

ఇక ఆ మాటాపలుకూ లేని ఛానల్ సంగతి. ప్రతి స్కానర్ లోపలా లోకల్ ఆసిలేటర్ అని ఒక సర్క్యూట్ ఉంటుంది. వింటున్న ఫ్రీక్వెన్సీకి కాస్త ఎడంగా అది సొంతంగా ఒక సిగ్నల్ పుట్టిస్తుంది. పాత సెట్లలో ఈ ఎడం తరచూ 10.7 మెగాహెర్ట్జ్. ఒక స్కానర్ 156.3 మీద ఉంటే దాని ఆసిలేటర్ 145.6 దగ్గర పాడుతుంటుంది. ఆ పాట కొంచెం యాంటెన్నా సాకెట్‌లోంచి బయటికి కారుతుంది. టీ కనెక్టర్ దాన్ని తిన్నగా రెండో స్కానర్‌కి అందిస్తుంది. అదేమో 145.6 దగ్గరికి రాగానే ‘ఎవరో మాట్లాడబోతున్నారు’ అనుకుని ఆగిపోతుంది. అనుమానం తీరాలంటే మొదటి స్కానర్‌ని వేరే ఛానల్‌కి మార్చి చూడండి. రెండోది ఆగే చోటు కూడా మారితే దొంగ దొరికినట్టే.

టీలు తీసేసి స్ప్లిటర్ పెట్టండి. కేబుల్ టీవీ సామాను అమ్మే కొట్లో దొరికేదే చాలు, కానీ ఒంటి మీద రాసింది చదివి కొనండి. ‘5–1000 మెగాహెర్ట్జ్’ అని ఉన్నది మీకు పనికొస్తుంది. ‘950–2150’ అని ఉంటే అది డిష్‌ది, మీ బ్యాండుకి దండగ. ఈ స్ప్లిటర్ ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కి అది చూపే నిరోధం, 75 ఓమ్‌లు, మీ స్కానర్లది 50 కదా అని దిగులొద్దు. ఆ తేడా వల్ల ఒక్కో అతుకు దగ్గర పోయేది 0.2 డెసిబెల్ కూడా ఉండదు. మీకు మూడు కావాలి కాబట్టి నాలుగు పోర్టులది తీసుకుని, మిగిలిన పోర్టుకి 75 ఓమ్ టెర్మినేటర్ (ఖాళీ పోర్టుని మూసే బిరడా) బిగించండి.

మరి వాటా సంగతి? ఇది మన కాలువల లెక్కే. ఒక బోదెని రెండు చేస్తే చెరి సగం, ఆ పైన గట్టు పీల్చుకున్నది వేరు. రెండు పోర్టుల స్ప్లిటర్‌లో ఒక్కోదానికి దాదాపు 3.5 డెసిబెల్, నాలుగు పోర్టులదానిలో 7 దాకా తగ్గుతుంది. గట్టిగా వచ్చే స్టేషన్‌కి ఇది తెలియనే తెలియదు. అసలే బుసబుసల మధ్య వినిపించేది మాత్రం మునిగిపోతుంది.

బూస్టర్ అడగాలనిపించేది ఇక్కడే. అయితే మీ ఉత్తరంలో నా కన్ను పడింది బూస్టర్ మీద కాదు, ఆ 30 మీటర్ల ఆర్‌జీ-58 మీద. 150 మెగాహెర్ట్జ్ దగ్గర అది సుమారు 6 డెసిబెల్ మింగుతుంది. అదే పొడవు మంచి ఆర్‌జీ-6, అంటే మామూలు డిష్ కేబుల్, మూడు లోపే మింగుతుంది. కేబుల్ మార్చడంతోనే స్ప్లిటర్ తిన్నదాంట్లో సగం దాకా వెనక్కి వస్తుంది. కరెంటు అక్కర్లేదు, కొత్త రొద ఏమీ చేరదు.

అప్పటికీ చాలకపోతే యాంప్లిఫయర్ (అదే బూస్టర్) పెట్టండి, కానీ మేడ మీద, యాంటెన్నా పక్కనే. శివారు చేలకి నీళ్లు అందట్లేదని కాలువ చివర ఇంజను పెడితే నీళ్ల కంటే బురదే ఎక్కువ వస్తుంది. గదిలో పెట్టిన బూస్టర్ కూడా అంతే, కేబుల్ తినగా మిగిలిన సిగ్నల్‌నీ రొదనీ కలిపి పెంచుతుంది. పై నుంచి కిందికి వరస ఇలా ఉండాలి: యాంటెన్నా, ఎఫ్‌ఎం ఫిల్టర్, యాంప్లిఫయర్, కేబుల్, ఆ కేబుల్‌లోంచే యాంప్లిఫయర్‌కి కరెంటు ఎక్కించే ఇంజెక్టర్, స్ప్లిటర్. ఇంజెక్టర్ స్ప్లిటర్‌కి ముందే ఉండాలి, లేదంటే ఆ కరెంటు స్కానర్లలోకి పోతుంది. ఫిల్టర్ మానేయొద్దు. డిస్కోన్‌కి ఇదీ అదీ అని లేదు, అన్నీ పట్టుకుంటుంది. 88–108 మధ్య ఎఫ్‌ఎం స్టేషన్లు యాంప్లిఫయర్‌ని ఉక్కిరిబిక్కిరి చేస్తే హ్యామ్ ఛానల్‌లో సినిమా పాట వినబడుతుంది.

ఒక్క మాట, కేబుల్ మార్చేముందు పై కనెక్టర్ విప్పి చూడండి. సముద్రం దగ్గర ఒక ఇంట్లో నేను విప్పితే కేబుల్ లోపలి రాగి అల్లిక మొత్తం తోమని చెంబులా ఆకుపచ్చ చిలుం పట్టి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. లోపల అర మీటరు దాకా నలుపు. బూస్టర్ కొందామని బజారుకి బయల్దేరిన మనిషి అక్కడే ఆగిపోయాడు. కొత్త కనెక్టర్‌కి తనకి తానే అతుక్కుపోయే రబ్బరు టేపు సాగదీసి చుట్టండి. కేబుల్ గోడలోకి దూరేముందు కిందికి ఒక వంపు ఇవ్వండి, వాన నీళ్లు అక్కడే జారిపోతాయి. పైపుకి ఎర్తింగ్ తప్పనిసరి. ఉరిమే సూచన ఉంటే ముందే కేబుల్ ఊడదీసి బయట పెట్టండి. ఉరుములు మొదలయ్యాక దాన్ని ముట్టుకోవద్దు. కొబ్బరి తలల మీద పడే పిడుగు మీ మేడ మీద పడకూడదని ఏమీ లేదు.

లైసెన్సు ఉందన్నారు కాబట్టి ఎక్కువ చెప్పను. హ్యామ్ బ్యాండ్లు మీవి. అనుమతి లేకుండా ఇతరుల సందేశాలు అడ్డగించి వినడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద నేరం. స్కానర్‌లో పోలీసు ఛానళ్లు ఉంటే చెరిపేయండి.

ప్రశ్న: ఎస్‌డీఆర్ డాంగిల్, వీ ఆకారపు డైపోల్ యాంటెన్నాతో నోవా అనే అమెరికా వాతావరణ ఉపగ్రహాల నుంచి మేఘాల చిత్రాలు తీసుకునేవాణ్ని. ఇప్పుడు ఏమీ రావట్లేదు. యాంటెన్నా పాడైందా?
– భీమవరం నుంచి

జవాబు: యాంటెన్నా ఏ పాపమూ ఎరగదు, ఆ ఉపగ్రహాలే ఆగిపోయాయి. నోవా-18ని 2025 జూన్‌లో, 15, 19లని ఆగస్టులో ఆపేశారు. రష్యా మెటియోర్-ఎం వరసలోవి 137 మెగాహెర్ట్జ్ మీదే డిజిటల్ చిత్రాలు పంపుతాయి. యాంటెన్నా మార్చక్కర్లేదు, పాత సాఫ్ట్‌వేర్ మాత్రం వీటిని చదవలేదు. ఉచితంగా దొరికే శాట్‌డంప్ వేసుకుని, ఉపగ్రహం నడినెత్తికి దగ్గరగా వెళ్లే వేళ చూసుకుని ప్రయత్నించండి. కొబ్బరి మట్టలు అడ్డం లేని చోటు చూసుకోండి, తడిసినప్పుడు అవి సిగ్నల్‌ని కొంత తినేస్తాయి.