మేజోడు మాటున దాచిన కాలు

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురంలో స్థిరపడిన తెలుగు దేవాంగుల కుటుంబం. నాకు 20 ఏళ్లు. డిగ్రీ రెండో ఏడాది చదువుతూ కళాశాల ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డర్‌గా ఆడుతున్నాను. పొద్దున మైదానం, తర్వాత తరగతులు, సాయంత్రం వీధి పిల్లలకు ఆట నేర్పడం, రాత్రి నాన్నతో మగ్గం పని. వచ్చే నెల మా ఊరి అమ్మవారు ఠాకురాణి యాత్ర. నాయనమ్మ మొక్కు ప్రకారం నేను పులి వేషం కట్టాలి. జట్టు శిబిరమూ అప్పుడే, వెనకే పరీక్షలు. హాజరు చాలదని కళాశాలలో హెచ్చరించారు. ‘బంతి కూడు పెడుతుందా’ అంటారు నాన్న. నెల క్రితం చీలమండ బెణికింది. ఆయన కంట పడకూడదని మేజోళ్లతోనే మగ్గం మీద కూర్చుంటున్నాను. దేన్ని వదులుకోవాలి?

జవాబు: బాబూ, కాలి సంగతి చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. నీ ఆటా, మగ్గమూ, మొక్కూ ఆ ఒక్క చీలమండ మీదే నడుస్తున్నాయి. మిడ్‌ఫీల్డర్ ఒక్క మ్యాచ్‌లో సుమారు పది కిలోమీటర్లు తిరుగుతాడు. ఆ కాలితోనే రాత్రి మగ్గం తొక్కుతున్నావు. వచ్చే నెల అదే కాలితో డప్పుల మధ్య పులిలా గెంతాలి. సరిగా మానని బెణుకు మళ్లీ మళ్లీ బెణుకుతుంది. పసుపు పట్టుతో సరిపెట్టుకోకు. మీ ఊళ్లోనే పెద్ద వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ఈ వారమే ఎముకల వైద్యుణ్ణి కలువు. ఒంటికాలి మీద నిలబడినా, గెంతినా నొప్పి లేదని తేలి, వైద్యుడు సరేననేదాకా మైదానంలోకి దిగకు.

మార్చి ఎండల్లో మగ్గం గుంటలో మేజోళ్లు వేసుకొని కూర్చుంటే మీ నాన్నగారు గమనించలేదనే అనుకుంటున్నావా? దారం తెగితే చప్పుడుతోనే పసిగట్టే మనిషి ఆయన. నువ్వు చెబుతావని చూస్తున్నారేమో. ఈ రాత్రి మేజోడు విప్పి కూర్చో. కూడు సంగతి తర్వాత, ముందు కాలు చూపించు.

ఆయన ప్రశ్నను తేలిగ్గా తీసేయకు. జట్టులో ఉన్నంత మాత్రాన ఉద్యోగం రాదు. రైల్వే క్రీడాకారుల కోటాలో కొన్ని ఉద్యోగాలకు అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో మొదటి మూడు స్థానాల్లో నిలవాలన్నది ఒక అర్హత. అది చిన్న మెట్టు కాదు. అయితే ఆ పోటీలకు వయోపరిమితి 25 ఏళ్లు. పీజీలో చేరితే నీకింకా కాలం ఉంది, ఈ ఒక్క శిబిరం పోతే కొంప మునగదు. డిగ్రీ పోతే మాత్రం విశ్వవిద్యాలయం జట్టు కూడా పోతుంది. అందుకని హాజరు విషయం నానబెట్టకు. వ్యాయామ అధ్యాపకుడి దగ్గర మ్యాచ్‌ల తేదీలతో లేఖ, వైద్యుడి కాగితం రెండూ తీసుకొని విభాగాధిపతిని రేపే కలువు. పరీక్ష రుసుము కట్టే రోజున వెళ్లి బతిమాలితే ఎవరూ వినరు.

ఇక పులి. నేనూ పర్లాకిమిడి ఆడపడుచునే, మొక్కుల జోలికి వెళ్లే ధైర్యం నాకు లేదు. నాయనమ్మ పక్కన కూర్చొని ఎన్ని రాత్రులని మొక్కుకుందో అడుగు. కుంటుతున్న కాలు చూపించి, ‘నాయనమ్మా, ఇప్పుడేం చేద్దాం?’ అను. ఠాకురాణి పుట్టింటికొచ్చిన కూతురిలా వస్తుందని నమ్మే ఇల్లు మీది. మొక్కిన మనిషే దారి కూడా వెతుకుతుంది, వీధి పెద్దలూ ఉన్నారు. నువ్వు ముందే ‘కుదరదు’ అన్నావా, పోట్లాట ఖాయం.

వీధి పిల్లలను మాత్రం వదలకు. తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ ఒకే బంతి వెంట పడే ఆ గంట కోసం నీ కాలు పరుగెత్తనక్కర్లేదు. అరుగు మీద కూర్చొని, కాలు ఎత్తు మీద పెట్టుకొని కేకలు వెయ్యి. ఆ పని మీద నిజంగా మనసుంటే, డిగ్రీ అయ్యాక పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఆరు వారాల శిక్షకుల కోర్సు ఉంటుంది, దాని వివరాలు కనుక్కో.

వైద్యుడు ఏమన్నాడో రాయి. మేజోడు విప్పినప్పుడు మీ నాన్నగారు ఏమన్నారో అది కూడా రాయి.