సీ భాషలో ఇఫ్-ఎల్స్ రాయాలా, టెర్నరీ వాడాలా?

ప్రశ్న: మార్కులను బట్టి గ్రేడ్ వేసే ప్రోగ్రామ్‌ని నేను ఇఫ్-ఎల్స్‌తో రాశాను, ఇరవై లైన్లు వచ్చింది. నా ఫ్రెండ్ అదంతా టెర్నరీతో (ప్రశ్న గుర్తు, కోలన్ పెట్టి రాసే షరతు) ఒకే లైన్లో రాసేశాడు. టెర్నరీ అయితే ప్రోగ్రామ్ ఫాస్ట్‌గా నడుస్తుందని ల్యాబ్‌లో కూడా అన్నారు. నిజమేనా? ఏది ఎప్పుడు వాడాలి?

జవాబు:

ముందు స్పీడు సంగతి తేల్చేద్దాం. నన్నూ వైవాలో ఇదే అడిగారు. "టెర్నరీయే ఫాస్ట్ సార్" అని ధైర్యంగా చెప్పి మార్కులు వేయించుకున్నాను. ఉద్యోగంలో చేరిన చాన్నాళ్లకు ఒకరోజు పని లేక పరీక్షించి చూశాను. రెండు అంకెల్లో పెద్దదాన్ని తిరిగిచ్చే ఫంక్షన్‌ని రెండు రకాలుగానూ రాసి, జీసీసీ కంపైలర్‌లో ఓ2 (కోడ్‌ని వేగంగా నడిచేలా మార్చే ఆప్షన్) పెట్టి కంపైల్ చేసి, వచ్చిన అసెంబ్లీని (ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లను) పక్కపక్కన పెట్టుకున్నాను. రెండింటికీ అవే నాలుగు లైన్లు: ఒక కంపేర్, ఒక మూవ్, ఒక సీమూవ్ (కండిషన్ నిజమైతేనే విలువను కదిలించే ఇన్‌స్ట్రక్షన్), చివర్లో రెట్ (ఫంక్షన్ నుంచి తిరిగి వెళ్లడం). ఇఫ్ రాసినదాంట్లో కూడా జంప్ అన్నదే లేదు. కాబట్టి ఇంత చిన్న పనికి స్పీడు చూసి ఏదో ఒకటి ఎంచుకోవడం దండగ.

(ఇక్కడ కోడ్ కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఎడిటర్‌లో కొట్టేటప్పుడు పేర్లు ఇంగ్లీషులో పెట్టుకోండి.)

అసలు తేడా వేరే చోట ఉంది. ఇఫ్ అనేది స్టేట్‌మెంట్, అంటే పని చేయిస్తుంది. టెర్నరీ ఎక్స్‌ప్రెషన్, అంటే ఒక విలువ ఇస్తుంది. విలువ పట్టే చోటల్లా టెర్నరీ పడుతుంది, ఇఫ్ పట్టదు. ఉదాహరణకు కాన్‌స్ట్ వేరియబుల్‌ని పుట్టినప్పుడే నింపాలి, తర్వాత ముట్టుకోకూడదు:

కాన్‌స్ట్ ఇంట్ పెద్దది = (ఎ > బి) ? ఎ : బి;

దీన్ని ఇఫ్‌తో రాయాలంటే కాన్‌స్ట్ తీసెయ్యాలి, లేదా వేరే ఫంక్షన్ రాసుకోవాలి. ప్రింట్ఎఫ్‌కి పంపే మాట కూడా అంతే. ఇంగ్లీషులో బహువచనానికి చివర ఒక ఎస్ తగిలిస్తే చాలు కాబట్టి, పాఠాల్లో ఆ ఒక్క అక్షరానికే టెర్నరీ వాడి చూపిస్తారు. మనకు అది కుదరదు, పుస్తకం పుస్తకాలవుతుంది. అందుకని మాట మొత్తం మార్చాలి:

సంఖ్య == 1 ? "పుస్తకం" : "పుస్తకాలు"

ఇలాంటి చోట్ల ఇఫ్-ఎల్స్ పెట్టి ప్రింట్ఎఫ్‌ని రెండుసార్లు రాస్తే నాకు చిరాకు. ఆరు నెలల తర్వాత ఎవరో ఒకదాన్ని మార్చి రెండోది మర్చిపోతారు.

ఇక టెర్నరీ నన్ను ముంచిన కథలు రెండు.

మొదటిది ఇంజినీరింగ్‌లో. హాస్టల్ మెస్ బిల్లుల లెక్క నా నెత్తిన పడింది. నెలకు 2400, గెస్ట్ భోజనాలు 5 దాటితే ఇంకో 200. నేను రాసింది ఇదీ:

బిల్లు = 2400 + గెస్టులు > 5 ? 200 : 0;

కంపైలర్ కిక్కురుమనలేదు. ప్రింట్ తీసి నోటీస్ బోర్డుకి అంటించేశాను. సాయంత్రానికి హాస్టలంతా పండగ, అందరికీ మెస్ బిల్లు 200 మాత్రమే! ఒకడైతే నాకు టీ కూడా తాగించాడు. జరిగిందేమిటంటే, సీలో ప్రాధాన్యం వరసలో టెర్నరీ దాదాపు అట్టడుగున ఉంటుంది, దాని కింద అసైన్‌మెంట్, కామా తప్ప ఇంకేమీ లేవు. కూడిక ముందు జరిగింది, తర్వాత పోలిక, ఆఖర్న టెర్నరీ. అంటే కంపైలర్ "2400, గెస్టులు కలిపితే 5 దాటిందా?" అని అడిగింది. ఎందుకు దాటదు! ఆ పక్కన 2400 బిల్లులోకి రానేలేదు. సరైనది ఇలా:

బిల్లు = 2400 + (గెస్టులు > 5 ? 200 : 0);

అప్పటినుంచి టెర్నరీ కనిపిస్తే నా చెయ్యి దానంతట అదే బ్రాకెట్ కొడుతుంది. అక్కర్లేని చోట కూడా కొడతాను, పర్వాలేదు.

రెండోది ఉద్యోగంలో, దానికి టీ ఎవరూ తాగించలేదు. ఒక ఫంక్షన్‌లో వచ్చిన రికార్డుల లెక్క అన్‌సైన్డ్ ఇంట్‌లో (నెగటివ్ విలువలు పట్టని ఇంట్) ఉంది. తప్పు జరిగితే -1 ఇవ్వాలి. ఫలితం పెట్టుకునే వేరియబుల్ లాంగ్, 64 బిట్ల లైనక్స్ మెషీన్ (అక్కడ లాంగ్ 64 బిట్లు, ఇంట్ 32).

ఫలితం = సరే ? లెక్క : -1;

కింద "ఫలితం సున్నా కంటే తక్కువైతే ఎర్రర్" అని చెక్ కూడా ఉంది. ఎర్రర్ వచ్చినా ఆ చెక్‌లోకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. రాత్రి పదింటిదాకా కూర్చుని ఫలితాన్ని ప్రింట్ చేస్తే 4294967295 అని వచ్చింది. ఆ అంకె చూడగానే ఏదో అన్‌సైన్డ్ గొడవ అని తెలిసింది గానీ ఎక్కడన్నది అర్థం కాలేదు, ఎందుకంటే ఫలితం లాంగే కదా! టెర్నరీకి రెండు పక్కలా వేర్వేరు రకాల అంకెలుంటే, ఏ పక్క ఎంపికైనా సరే, మొత్తం ఎక్స్‌ప్రెషన్‌కి ఒకే టైప్ ఉంటుంది. ఇంట్, అన్‌సైన్డ్ ఇంట్ కలిస్తే అది అన్‌సైన్డ్ ఇంట్ అవుతుంది. అంటే -1 ముందు అన్‌సైన్డ్‌గా మారి 4294967295 అయి, ఆ తర్వాతే లాంగ్‌లోకి వెళ్లింది. అదే ఇఫ్-ఎల్స్‌తో రాసి ఉంటే "ఫలితం = -1" నేరుగా లాంగ్‌లోకి పడేది, ఏ గొడవా లేదు.

"టెర్నరీ అంటే ఇఫ్-ఎల్స్‌కి షార్ట్‌కట్" అని నోట్సుల్లో రాస్తారు చూడండి, అది పూర్తిగా నిజం కాదని నాకు తెలిసింది ఆ రాత్రే. జీసీసీలో వార్నింగులు చూపించే వాల్ (డబ్ల్యూ-ఆల్) ఆప్షన్‌తో పాటు డబ్ల్యూఎక్స్‌ట్రా కూడా పెట్టుకుంటే దీనికి వార్నింగ్ వస్తుంది. మాకు అప్పుడు వాల్ ఒక్కటే ఉండేది. మీరు రెండూ పెట్టుకోండి.

ఇంకోటి, డీబగ్గింగ్. ఇఫ్ కింద ఉన్న లైన్ మీద బ్రేక్‌పాయింట్ పెడితే అటు వెళ్లినప్పుడే ఆగుతుంది. టెర్నరీ ఒకే లైన్లో ఉంటే ఎటు వెళ్లిందో లైన్‌ని బట్టి తెలియదు. జీకవ్ అనే టూల్‌తో కవరేజ్ (ఏ లైన్లు నడిచాయన్న లెక్క) చూసినా, ఒక పక్క ఎప్పుడూ నడవకపోయినా ఆ లైన్ నడిచినట్టే లెక్కలో చూపిస్తుంది, బ్రాంచ్ లెక్క విడిగా అడిగితే తప్ప.

ఇప్పుడు మీ గ్రేడ్ ప్రోగ్రామ్. మీ ఫ్రెండ్ రాసింది తప్పు కాదు. సీలో టెర్నరీలు కుడి నుంచి జత కడతాయి కాబట్టి, ఒకదాని ఎల్స్‌లో ఇంకోటి పెడుతూ పోతే అచ్చం ఎల్స్-ఇఫ్ నిచ్చెనలా పనిచేస్తుంది. (పీహెచ్‌పీ అనే ఇంకో భాషలో ఎడమ నుంచి జత కట్టేవి. దాంతో జనం ఎంత తికమకపడ్డారంటే, 8.0 నుంచి బ్రాకెట్లు లేకుండా ఇలా పేర్చితే ఎర్రరే ఇస్తోంది.) కానీ ఐదు గ్రేడ్లు ఒకే లైన్లో పేర్చితే చదవడానికి ప్రాణం పోతుంది. నేనైతే గ్రేడ్‌కి చిన్న ఫంక్షన్ రాస్తాను: 90 దాటితే రిటర్న్, 80 దాటితే రిటర్న్, అలా కిందికి. ఎల్స్ కూడా అక్కర్లేదు, మీ ఇరవై లైన్లు ఏడెనిమిదికి వస్తాయి. పాస్, ఫెయిల్ రెండే ఉంటే మాత్రం టెర్నరీయే రాస్తాను.

రేపు ల్యాబ్‌లో "ఫెయిలైన వాళ్ల రోల్ నంబర్ కూడా ప్రింట్ చెయ్యి" అన్నారనుకోండి. మీరు ఇఫ్ కింద ఒక లైన్ చేరుస్తారు. మీ ఫ్రెండ్ మాత్రం ఆ లైన్ మొత్తం విప్పుకుని కూర్చోవాలి.