పెట్ షాప్ బాయ్స్‌పై అభిమానం ఇన్నేళ్లయినా ఎందుకు తగ్గడం లేదు?

1980లలో పేరు తెచ్చుకున్న ఈ బ్రిటిష్ పాప్ ద్వయాన్ని తొలినాళ్ల అభిమానులు నేటికీ అంతే శ్రద్ధగా వినడానికి కారణమేమిటని అడిగారు.

మొదటి కారణం వారు విడిపోకపోవడమే. 1981లో లండన్ కింగ్స్ రోడ్డులోని ఒక ఎలక్ట్రానిక్ పరికరాల దుకాణంలో పరిచయమైన నీల్ టెన్నంట్, క్రిస్ లోవ్ ఇప్పటికీ కలిసే పాటలు కడుతున్నారు. వారి 15వ స్టూడియో ఆల్బమ్ 2024లో వెలువడింది.

అంతకంటే ముఖ్యమైనది, తరచి చూసేవారికి ఆ పాటల్లో ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలి ఉండటం. ఉదాహరణకు, ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ 1984లో తొలిసారి విడుదలైనప్పుడు బ్రిటన్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు; మరుసటి ఏడాది నిర్మాత స్టీఫెన్ హేగ్‌తో, వీధిలోని అడుగుల చప్పుడుతో మొదలయ్యేలా తిరిగి రికార్డు చేసిన రూపం 1986 జనవరిలో అక్కడ ప్రథమ స్థానానికి చేరింది. ఈ రెండింటినీ పక్కపక్కన వినడం అభిమానికి తనివితీరని పని.

వస్తువుగా చూసినా అంతే. 1993 నాటి ‘వెరీ’ సీడీ నారింజ రంగు ప్లాస్టిక్ పెట్టెలో వచ్చింది. దాని మీది ఉబ్బెత్తు చుక్కల వల్ల చీకట్లో తడిమినా చేతికి తెలిసిపోతుంది.

ఇక వేదికపై టోపీ, నల్లకళ్లద్దాలతో, ముఖంలో ఏ భావమూ లేకుండా కీబోర్డు వెనుక నిలబడే లోవ్‌ను కొందరు నిర్లిప్తుడంటారు గానీ, నాకైతే అదే వారి చమత్కారం.