డిగ్రీయా, లేత్ మెషీనా?

ప్రశ్న: నా వయసు 18. పన్నెండో తరగతి సైన్సుతో పూర్తి చేశాను. బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరమని నాన్న అంటున్నారు. నాకేమో లోహపు ముక్కను తిప్పుతూ కోసే లేత్ లాంటి మెషీన్ల పని నేర్పే రెండేళ్ల మెషినిస్ట్ ట్రైనింగ్‌కి వెళ్లాలనుంది. ఈ మధ్య మా కుట్టుమిషన్ కుట్లు వదిలేస్తుంటే విప్పి చూశాను. సూది కిందికి దిగి మళ్లీ లేవడం మొదలుపెట్టగానే దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. అడుగున తిరిగే షటిల్ మొన సరిగ్గా అప్పుడే వచ్చి దాన్ని అందుకోవాలి. మా మిషన్‌లో అది కాస్త ఆలస్యంగా వస్తోందని కనిపెట్టాను. ఇలాంటివంటే నాకు పిచ్చి. కానీ ‘నీకు నలభై ఏళ్లు వచ్చేసరికి మెషీన్లన్నీ మారిపోతే ఏం చేస్తావ్?’ అని నాన్న అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఒకసారి ట్రైనింగ్ వైపు వెళ్తే యూనివర్సిటీ దారి మూసుకుపోయినట్టేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: నా మనవరాలి ఈడుదానివి కాబట్టి ‘నువ్వు’ అనే అంటాను, ఏమనుకోకు. నీ అసలు ఉత్తరం మూడు పేజీలు. అందులో కుట్టుమిషన్‌కి పేజీన్నర ఇచ్చావు, ఫిజిక్స్ డిగ్రీకి రెండు వాక్యాలు. నీ మనసు ఎటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే మీ నాన్నగారి ప్రశ్నను తేలిగ్గా తీసేయకు. నేను మెషీన్ల మీద 34 ఏళ్లు పనిచేశాను. ఆయన అడిగింది నా కళ్ల ముందే జరిగింది.

మా వర్క్‌షాపులో నాకంటే ఎంతో మంచి టర్నర్ (లేత్ పనివాడు) ఒకాయన ఉండేవాడు. కోత శబ్దం విని, కోసేటప్పుడు రాలే లోహపు తునక (చిప్) రంగు చూసి టూల్ అరిగిందని చెప్పేసేవాడు. తర్వాత కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్లు వచ్చాయి. డ్రాయింగ్‌లో ఒక వంపు ఉంటే, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో లెక్కగట్టి అంకెల్లో రాసివ్వాలి. చేతికి తెలిసింది కాగితం మీదికి రాలేదు ఆయనకి. ఆర్నెల్లు తిరక్కుండానే స్టోర్స్‌లో సామాన్లు అందించే పనికి మార్చేశారు. ఆ రోజు ఆయన ముఖం ఇప్పటికీ గుర్తే.

నేను నిలబడ్డానంటే తెలివి ఎక్కువై కాదు, ఒకసారి గట్టిగా తిట్లు తిన్నాను కాబట్టి. ట్రైనింగ్‌లో రెండో నెల. టేపర్, అంటే ఒక చివర నుంచి రెండో చివరికి సన్నబడే ముక్క, తీయమన్నారు. ఒక చివర వ్యాసం 50 మిల్లీమీటర్లు, రెండో చివర 40, పొడవు 100. మొత్తం కోణం 5 డిగ్రీల 44 నిమిషాలని పక్కవాడు చెప్పాడు. టూల్‌ని ఏటవాలుగా నడిపే కాంపౌండ్ స్లైడ్‌ని అంతకే తిప్పేసి కోసేశాను. జాబ్ పాడైంది. (మా షాపుల్లో జాబ్ అంటే ఉద్యోగం కాదు, లేత్ మీద పట్టి తిప్పే చక్‌లో బిగించిన ముక్క.) తిట్టడం అయ్యాక మా సూపర్‌వైజర్ సుద్దముక్కతో నేల మీదే త్రిభుజం గీశాడు. టూల్ ఒక పక్క నుంచే కోస్తుంది, ముక్క మాత్రం గుండ్రంగా తిరుగుతుంది. కాబట్టి వ్యాసాల తేడాలో సగాన్ని, అంటే 5ని, పొడవు 100తో భాగించాలి. 0.05 వస్తుంది. అది స్లైడ్ కోణానికి టాంజెంట్. స్లైడ్ తిప్పాల్సింది 2 డిగ్రీల 52 నిమిషాలు. బళ్లో బట్టీ పట్టిన టాంజెంట్‌కి నాకు ఆ రోజే అర్థం తెలిసింది. సీఎన్‌సీ వచ్చినప్పుడు నన్ను కాపాడింది ఆ సుద్దగీతే.

ఇది నా ఒక్కడి అనుభవమే అనుకోకు. ఎరిక్ హనుషెక్, మరికొందరు ఆర్థికవేత్తలు 11 దేశాల వివరాలు పోల్చి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. వృత్తి శిక్షణ పొందినవాళ్లకి చిన్న వయసులో పని తొందరగా దొరుకుతోంది. వయసు పైబడేకొద్దీ ఆ లాభం కరిగిపోయి, సాధారణ చదువు చదివినవాళ్లే ఎక్కువగా పనిలో కొనసాగుతున్నారు. పనిచేస్తూనే నేర్చుకునే అప్రెంటిస్ పద్ధతి బలంగా ఉన్న దేశాల్లోనే ఈ తేడా ఎక్కువ కనిపించింది. మీ నాన్నగారికి ఇది చూపిస్తే సంబరపడతారు, ముందే హెచ్చరిస్తున్నా.

అయినా నేను ట్రైనింగ్‌కే వెళ్లమంటాను. షటిల్ ఎందుకు ఆలస్యమవుతోందని వెతికినదానివి, కారణం తెలియకుండా చేతిపనితో సరిపెట్టుకోవు. ఏం కావాలో ఇంకా తేలని పిల్లలైతే డిగ్రీయే మేలని చెప్పేవాణ్ని. నీకు తేలిపోయింది.

ఇక యూనివర్సిటీ దారి సంగతి. అది దేశాన్ని బట్టి, కోర్సును బట్టి ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో తప్పనిసరి బడి చదువు అయ్యాక దాదాపు మూడింట రెండొంతుల మంది వృత్తి శిక్షణకే వెళ్తారు. అలాంటివాళ్లు పైచదువుకి వెళ్లేందుకు 1994 నుంచి ప్రత్యేకంగా ఒక పరీక్షే ఉంది. నీ కోర్సుకి అలాంటి వెసులుబాటు ఉందో లేదో నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా అడుగు. సర్టిఫికెట్‌తో తర్వాత డిప్లొమాలోనో డిగ్రీలోనో చేరనిస్తారా? ఎన్నో ఏడాదిలో? నేను సాయంత్రం క్లాసుల్లో చేరింది ముప్పై ఒకటో ఏట. పగలంతా మెషీన్, రాత్రి గణితం. నిద్ర తప్ప ఏమీ పోలేదు.

చేరే ముందు మీ నాన్నగారిని వెంటబెట్టుకుని, పని జరిగే రోజు చూసి ఆ వర్క్‌షాప్‌కి వెళ్లు. మెషీన్ల కింద చిప్స్ ఉన్నాయా చూడు. నేల అద్దంలా మెరుస్తుంటే అక్కడ ఎవరూ ఏమీ కోయడం లేదన్నమాట. ఒక్కో మెషీన్‌కి ఎంతమందో లెక్కపెట్టు. టైమ్‌టేబుల్‌లో గణితానికి, డ్రాయింగ్‌కి వారానికి ఎన్ని గంటలో చూడు. ఒకే కంపెనీ మెషీన్ మీద ఏ బటన్ నొక్కాలో నేర్పి పంపించే చోటైతే వెనక్కి వచ్చేయ్. అలాంటి దానికంటే మీ నాన్నగారు చెప్పిన బీఎస్సీయే నయం.

అక్కడ ఏం చూశావో నాకు మళ్లీ రాయి. ఆ కుట్టుమిషన్ బాగుపడిందో లేదో కూడా. మూడు పేజీల్లో ఆ ఒక్క మాటే రాయలేదు నువ్వు.