పిల్లల ‘ఫుల్ బాడీ చెకప్’ కోసం చిట్టీ పాడాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. మా వారు ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమస్తా. నేను ఇంటి దగ్గర బ్లౌజులు కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకు 34,000 వస్తుంది. తెల్లకార్డు లేదు. పాపకు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. బాబుకు ఆరేళ్లు నిండాయి, ఒకటో తరగతి. ఇద్దరూ ప్రైవేటు స్కూలే. స్కూలు వాట్సాప్ గ్రూపులో ఒక ల్యాబ్ వాళ్లు పిల్లలకు ‘ఫుల్ బాడీ చెకప్’ ఒక్కొక్కరికి 2,999 అని పెట్టారు. తెలిసిన ఏజెంటేమో ఏటా 21,000 కడితే చెకప్‌లు, డాక్టర్ ఫీజులు అన్నీ పాలసీలోనే వస్తాయి, టాక్స్ కూడా మిగులుతుంది అంటున్నాడు. పాప ఈమధ్య బోర్డు మీద అక్షరాలు మసకగా ఉన్నాయంటోంది. నడుస్తున్న చిట్టీ పాడి పాలసీ కట్టేయమంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా తొందరైన మాట చివర రాశారు. ముందు పాప కళ్లు చూపించండి, ఈ వారంలోనే. దానికి చిట్టీ అక్కర్లేదు, పాలసీ అక్కర్లేదు. వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి సర్కారుదే ఉంది. ప్రైవేటుకు వెళ్లినా కంటి డాక్టర్ దగ్గరికే వెళ్లండి. కళ్లజోళ్ల షాపులో కంప్యూటర్ మీద చూసి చెప్పే నంబరుతో సరిపెట్టుకోవద్దు. పిల్లల కంటికి చుక్కలు వేసి, కంటి కండరం సడలాక చూస్తేనే అసలు నంబరు తేలుతుంది. ఆ చుక్కలు వేశాక ఒక రోజు దాకా చదవడం కష్టం కావచ్చు కాబట్టి మర్నాడు స్కూల్లో పరీక్ష లేని రోజు చూసుకోండి.

బాబును కూడా అదే రోజు వెంట తీసుకెళ్లండి. ఒక కన్ను బాగా కనిపిస్తుంటే రెండోది మసకగా ఉన్న సంగతి ఆ వయసు పిల్లలకు తెలియదు, మనకు చెప్పరు. వెళ్లేలోపు ఇంట్లో మీరే ఒకసారి చూడొచ్చు. గోడ మీది క్యాలెండర్‌కు దూరంగా నిలబెట్టి, ఒక కన్ను అరచేత్తో మూసి అంకెలు చదివించండి. తర్వాత రెండో కన్ను. రెంటికీ తేడా కనిపిస్తే డాక్టర్‌కు ఆ మాట తప్పక చెప్పండి. బలహీనపడుతున్న కన్నును ఏడెనిమిదేళ్లలోపు పట్టుకుంటే సరిచేయడం తేలిక. ఆ వయసు దాటాక ఎంత ఖర్చు పెట్టినా అంత ఫలితం రాదు. డబ్బు సలహాలు చెప్పేవాడిగా నేను ఈ ఖర్చును అన్నిటికన్నా ముందు పెడతాను.

ఇక ల్యాబ్ ప్యాకేజీ. ఇద్దరికీ కలిపి 5,998. ఇలాంటి ప్యాకేజీల్లో ఉండేది దాదాపు అంతా రక్తపరీక్షలే: థైరాయిడ్, లివర్, కిడ్నీ, కొలెస్ట్రాల్, విటమిన్ డి. ఏ ఇబ్బందీ లేకుండా ఆడుకుంటున్న పిల్లలకు ఇవన్నీ ఏటా అక్కర్లేదు. డాక్టర్ చూసి, అనుమానం వచ్చి రాస్తే అప్పుడు చేయించాలి. లేకపోతే ఏదో ఒక అంకె మామూలు హద్దుకు కాస్త అటో ఇటో కనిపిస్తుంది, దానికి ఇంకో పరీక్ష, ఇంకో ఫీజు. పైగా పిల్లలకు నిజంగా చూడాల్సినవి రక్తంలో కనబడవు. ఎత్తు, బరువు కొలిచి ఎదుగుదల చార్టులో గుర్తు పెట్టడం, బీపీ, కళ్లు, చెవులు, పళ్లు, నడుము వంకర, టీకాలు. పిల్లల డాక్టర్ ఒక్కసారి తీరిగ్గా చూస్తే ఇవన్నీ అయిపోతాయి. ఏడాదికి ఒకసారి, పుట్టినరోజు నెలలో పెట్టుకుంటే మరిచిపోరు.

ఒక్క రక్తపరీక్ష మాత్రం పాపకు కావాలి, హిమోగ్లోబిన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అది ఒక్కసారిగా వచ్చేది కాదు, చాలామందికి నెలసరి మొదలయ్యే ఈ వయసులోనే మొదలవుతుంది. పాప నీరసంగా ఉంటే చదువు మీద ధ్యాస లేదని తిడతాం, రక్తం సంగతి చూడం. ఈ పరీక్షకు ల్యాబ్‌కు డబ్బు కట్టకండి. మీ వార్డు పరిధిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. అక్కడ తీసుకున్న శాంపిళ్లు సర్కారు ల్యాబ్ అయిన తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు వెళ్తాయి, ఉచితం. 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకు వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్ర గురించీ అక్కడే అడగండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో నులిపురుగుల మాత్రలు ప్రైవేటు స్కూళ్లలో కూడా వేస్తారు. ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించకండి.

ఆరోగ్య కేంద్రానికి వెళ్లేటప్పుడు ఇద్దరి టీకా కార్డులు పట్టుకెళ్లండి. బాబుకు ఐదారేళ్ల వయసులో వేయాల్సిన డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసేది) రెండో బూస్టర్ పడిందో లేదో చూడండి, పడకపోతే ఏడేళ్లు నిండేలోపు వేయించాలి. పాపకు పదేళ్లకు వేసే టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) పడిందా? మళ్లీ పదహారేళ్లకు ఇంకొకటి ఉంటుంది. ఇవన్నీ సర్కారు దవాఖానలో ఉచితమే. పిల్లలు ఏ స్కూలు, మీకు ఏ కార్డు అని అడగరు.

మీరు డబ్బు పెట్టాల్సి రావచ్చు అనుకునే టీకా ఒకటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా. ఇక్కడ వయసే డబ్బు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలు. 15 నిండాక మొదలుపెడితే మూడు. మన దేశంలో తయారయ్యే సెర్వావ్యాక్ 2023లో డోసు సుమారు 2,000 ధరకు మార్కెట్‌లోకి వచ్చింది. విదేశీ కంపెనీలవి అంతకన్నా ఖరీదు. ముందుగా మీ ఆశా కార్యకర్తను అడగండి, ప్రభుత్వం ద్వారా పాప వయసు వారికి వేస్తుంటే అక్కడే వేయించండి. లేకపోతే దసరా సెలవుల్లో మొదటి డోసు, ఎండాకాలం సెలవుల్లో రెండోది. జూన్ ఫీజుల మీద భారం పడదు, పాపకు బడి పోదు.

బాబు పళ్ల గురించి కూడా ఒక మాట. ఆరేళ్లకు పాలపళ్ల వెనకాల కొత్తగా ఒక దవడపన్ను వస్తుంది. అది కూడా ఊడిపోయే పన్నే అని చాలామంది పట్టించుకోరు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. చిన్న మచ్చగా ఉన్నప్పుడు ఫిల్లింగ్ చేస్తే వందల్లో పోతుంది, నరం దాకా పుచ్చితే రూట్ కెనాల్, క్యాపు అంటూ వేలల్లోకి వెళ్తుంది.

ఇప్పుడు మొత్తం లెక్క వేద్దాం. పాప కళ్లజోడుకు 2,000, టీకా కొనాల్సి వస్తే 4,000, ఇద్దరికీ పిల్లల డాక్టర్ ఫీజు 800, పళ్లకు 1,500. కలిపి 8,300. నెలకు 700 చొప్పున మీ బ్యాంకులోనే ఏడాది రికరింగ్ డిపాజిట్ వేయండి. వచ్చే ఏడాది టీకా ఉండదు కాబట్టి నెలకు 400 వేస్తే సరిపోతుంది. ఎప్పుడు వస్తుందో, ఎంత అవుతుందో ముందే తెలిసిన ఖర్చుకు పొదుపే సరైన దారి. కళ్లజోడు మటుకు ఆగకూడదు, దాన్ని ఈ నెల బ్లౌజుల డబ్బుల్లోంచే తీయండి. చిట్టీ జోలికి పోవద్దు. తొందరపడి పాడితే పాటలో పోయేదే ఎక్కువ. అది పాప ఇంటర్‌కు ఉండనివ్వండి.

ఏజెంట్ చెప్పిన టాక్స్ మాట మీకు వర్తించదు. మీ ఇద్దరి ఆదాయం కలిపినా ఏడాదికి 4,08,000. పాత పన్ను విధానంలోనైనా కొత్త విధానంలోనైనా మీకు పన్నే పడదు, ఇక మిగిలేదేముంది? పన్ను కట్టే ఇతర పాఠకులకు ఒక మాట: ముందస్తు ఆరోగ్య పరీక్షలకు 5,000 వరకు మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కుటుంబానికి ఇచ్చే 25,000 పరిమితిలోనే అదీ కలిసి ఉంటుంది. నగదుగా కట్టినా చెల్లుతుంది, రసీదు దాచుకోండి.

అలాగని పాలసీ వద్దనను. తెల్లకార్డు లేదంటున్నారు కాబట్టి ఆరోగ్యశ్రీ మీద ఆధారపడలేరు. రేపు ఇంట్లో ఎవరికైనా డెంగీ వచ్చి నాలుగు రోజులు అడ్మిట్ చేయాల్సి వస్తే చిట్టీ ఒక్క దెబ్బకు కరిగిపోతుంది. నలుగురికీ కలిపి ఒకే మొత్తం ఉండే ఆసుపత్రి ఖర్చుల ఫ్లోటర్ పాలసీ మీకు అవసరం. కానీ చెకప్‌లు, డాక్టర్ ఫీజుల కోసం అదనంగా కట్టే ఓపీడీ (అడ్మిట్ కాకుండా చూపించుకునే) కవరేజీ అవసరం లేదు. చాలా పాలసీల్లో ఏటా ఇచ్చే ఉచిత చెకప్ 18 ఏళ్లు నిండినవారికే, మీ పిల్లలకు అందదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. ఏజెంట్ చెప్పిన 21,000లో అది కలిపారేమో చూడండి.

మీ బంధువుల పిల్లలు సర్కారు బళ్లలో, అంగన్‌వాడీల్లో ఉంటే వాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం బడికి ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు వచ్చి చూస్తుంది. లోపం కనిపిస్తే పెద్దాసుపత్రికి రాస్తారు. ఆ చీటీ ఇంట్లో పడేసి మరిచిపోతున్నవాళ్లను చాలామందిని చూస్తున్నాను, అది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు గిరిజన కుటుంబాలైతే సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) పరీక్ష కూడా అడిగి చేయించుకోండి, అదీ ఉచితమే.

ఏజెంట్‌ను రెండు కొటేషన్లు రాసిమ్మనండి, ఓపీడీతో ఒకటి, లేకుండా ఒకటి. గది అద్దెకు పరిమితి ఉందా, పాత జబ్బులకు ఎన్నేళ్లు ఆగాలి, హన్మకొండలో ఏ ఆసుపత్రుల్లో క్యాష్‌లెస్ ఉంది అన్నవి కాగితం మీదే రాయించుకోండి. ఆ రెండు కాగితాలూ ఫోటో తీసి పంపండి, సంతకం పెట్టేముందే చూసి చెప్తాను.