ముడిబియ్యం మానెయ్యక్కర్లేదు, కొనే తీరూ వండే తీరూ మార్చండి

ప్రశ్న: "ప్రాసెస్ చేసిన తిండి మానెయ్యమన్నారని రెండు నెలల నుంచి తెల్లబియ్యం ఆపేసి బ్రౌన్ రైస్ వండుతున్నాం. అన్నం గట్టిగా ఉంటోంది, పిల్లలు తినడం లేదు. షుగర్ ఉన్న మా మామయ్య గారికి కడుపుబ్బరం. పైగా బస్తాకి పురుగు పట్టింది. మళ్లీ పాత బియ్యానికే వెళ్లిపోవాలా?"

వెళ్లక్కర్లేదండి. మీకు వచ్చిన ఇబ్బందుల్లో ఒక్కటి కూడా ఆ బియ్యం తప్పు కాదు. బస్తా కొనడం ఒక పొరపాటు. నానబెట్టకుండా వండటం రెండోది. ఇంటిల్లిపాదికీ ఒకేసారి మార్చెయ్యడం మూడోది.

ముందు బస్తా సంగతి. ముడిబియ్యాన్ని, అంటే మీరు వండుతున్న బ్రౌన్ రైస్‌ని, 25 కిలోల బస్తా కొనకూడదు. గింజ మీద ఉండే తవుడు పొరలో నూనె ఉంటుంది, ఆ నూనెని విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైమూ ఆ పొరలోనే ఉంటుంది. వడ్లుగా ఉన్నన్నాళ్లూ ఈ రెండూ కలవవు. మరలో ఊక ఊడేటప్పుడు పొర గీసుకుపోయి రెండూ కలుస్తాయి, ఆ రోజు నుంచి నూనె చేదెక్కడం మొదలవుతుంది. పాత వేరుశనగ గుళ్ల వాసన లాంటిది వస్తే ఆ బియ్యం ఇక పనికిరాదు, ఎంత కడిగినా పోదు. ఎండుమిర్చి, వేపాకు వెయ్యడం పురుగుని కాస్త ఆపుతుందేమో గానీ ఈ చేదుని ఆపదు. నెలకి సరిపడా నాలుగైదు కిలోలు మాత్రమే కొనండి. ప్యాకెట్ మీద చూడాల్సింది గడువు తేదీ కాదు, మర పట్టిన తేదీ. రెండు నెలలు దాటి ఉంటే వదిలెయ్యండి. ఇంటికి తెచ్చాక వారానికి కావలసినంత డబ్బాలో పోసి, మిగతాది గాలి చొరని సంచిలో కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ముక్కపురుగు గుడ్లు గింజ లోపలే ఉంటాయి కాబట్టి కొన్న రోజే మూడు నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే ఆ బాధ కూడా తీరుతుంది. తీశాక మూట విప్పకుండా గది వేడికి రానివ్వండి, లేకపోతే చెమ్మ పట్టి బూజు వస్తుంది.

కొన్నది నిజంగా ముడిబియ్యమేనా అని తెలియాలంటే నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని వెలుతురులో చూడండి. గింజకి ఒక చివర, పక్కగా, పాల రంగులో చిన్న చుక్క కనిపించాలి. అదే మొలక భాగం. దాని చోట గుంట మాత్రమే ఉంటే మర దాన్ని తినేసిందన్నమాట. ఇంకా నమ్మకం కుదరకపోతే గుప్పెడు బియ్యం 12 గంటలు నానబెట్టి, నీళ్లు వంచి, తడిగుడ్డలో మూట కట్టి ఒక రోజు ఉంచండి. తాజా ముడిబియ్యమైతే చాలా గింజలకి ముక్కు దగ్గర తెల్లటి మొలక పొడుచుకొస్తుంది. ఒక్కటీ మొలవలేదంటే పాలిష్ పట్టినదన్నా అయ్యుండాలి, ఉడకబెట్టిన వడ్లదన్నా అయ్యుండాలి, బాగా పాతదన్నా అయ్యుండాలి. రంగు చూసి మాత్రం మోసపోకండి, ఎర్రబియ్యానికి కూడా పాలిష్ పడతారు.

ఇక వండటం. ఒక గ్లాసు ముడిబియ్యాన్ని రెండు నీళ్లతో కడిగి రాత్రి నానబెట్టండి, కనీసం 8 గంటలు. ఎండాకాలంలో గిన్నె ఫ్రిజ్‌లో పెట్టాలి, బయట ఉంచితే పులుస్తుంది. పొద్దున ఆ నీళ్లు వంచేసి మూడు గ్లాసుల కొత్త నీళ్లు పోసి కుక్కర్ పెట్టండి. మొదటి విజిల్ దాకా పెద్ద మంట, తర్వాత సన్నసెగ మీద 15 నిమిషాలు. కట్టేశాక ఆవిరి దానంతటదే దిగాలి. తొందరపడి విజిల్ ఎత్తితే పైపొర పగిలి లోపల పలుకు మిగులుతుంది. ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా, ఇక్కడ అది అక్షరాలా చెయ్యాలి. మెతుకుని రెండు వేళ్ల మధ్య అదిమితే మధ్యలో తెల్లటి చుక్క కనిపించకూడదు. కనిపిస్తే అర గ్లాసు వేడినీళ్లు చల్లి ఇంకో ఐదు నిమిషాలు ఉడికించండి. చన్నీళ్లు పోస్తే బయట చితికి లోపల గట్టిగానే ఉంటుంది. మీ మామయ్య గారి కడుపుబ్బరంలో సగం ఆ తెల్లచుక్కదే. మిగతా సగం, అలవాటు లేని పేగులకి ఒక్కసారిగా పీచు పెంచడం వల్ల.

పిల్లల కోసం ఇంకో దారి ఉంది. పైన చెప్పినట్టు నానబెట్టి మూట కట్టినప్పుడు మొలక మిల్లీమీటరు పొడుచుకు రాగానే తీసి వండితే అన్నం మెత్తగా, కాస్త తియ్యగా వస్తుంది. నీళ్లు రెండున్నర గ్లాసులు చాలు. మొలక అంతకంటే పెరగనివ్వొద్దు, మన వేడికి ఒక పూట ఆలస్యమైనా వాసన వస్తుంది. ముడిబియ్యాన్ని మామూలు బియ్యంతో కలిపి ఒకే గిన్నెలో పడెయ్యకండి, ఒకటి ముద్దవుతుంది, ఒకటి పలుకుగా ఉంటుంది. విడివిడిగా వండి కంచంలో కలపడమే మేలు. మొదటి రెండు వారాలు మూడు పాళ్లు తెల్లన్నం, ఒక పాలు ఇది. తర్వాత సగం సగం. చాలా ఇళ్లు అక్కడే ఆగిపోతాయి, ఆగినా నష్టం లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలో నాకు నచ్చని మాట దగ్గరికి వస్తాను: "ప్రాసెస్ చేసిన తిండి". వడ్లని ఎవరూ అలాగే నమలరు. ఊక తియ్యడం ప్రాసెసింగే. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మొంటీరో బృందం 2009 నుంచి ప్రచారంలోకి తెచ్చిన, తిండిని ఎంత ప్రాసెస్ చేశారన్నదాన్ని బట్టి విడదీసే నోవా వర్గీకరణనే అందరూ ఇప్పుడు పట్టుకు తిరుగుతున్నారు. అందులో ముడిబియ్యమూ తెల్లబియ్యమూ రెండూ మొదటి వర్గంలోనే, అంటే ప్రాసెస్ చెయ్యని లేదా కొద్దిగానే చేసిన తిండిలోనే ఉంటాయి. అంటే ఆ కొలబద్ద ఈ రెండింటి మధ్య తేడా చెప్పడానికి పనికిరాదు. రంగులు, రుచి పెంచే పొడులు కలిపిన ప్యాకెట్ నూడుల్స్‌ని పక్కన పెట్టడానికి అది బాగా పనికొస్తుంది. నూడుల్స్ ప్యాకెట్ మీద "బ్రౌన్ రైస్" అని రాసి అమ్మితే కొని, ఇంట్లో వండిన తెల్లన్నాన్ని మాత్రం విషంలా చూడటం నాకు మింగుడుపడదు. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టీలో మొదటి పేరు మైదానో గోధుమపిండో అయితే ముందువైపు ఏం రాసినా లెక్కలోకి తీసుకోకండి. పట్టీలో ఎక్కువ బరువున్నదే ముందు రాయాలన్నది నియమం.

బియ్యం విషయంలో అడగాల్సింది వేరు: మర ఏం తీసేసింది, ఎంత తీసేసింది? క్వింటా వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోలు ఊక పోతుంది. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) లెక్క ప్రకారం పచ్చిబియ్యం, అంటే వడ్లని ఉడకబెట్టకుండా ఆడించి పాలిష్ పట్టినవి, 67 కిలోలు తేలాలి. మిగతాదాంట్లో ఎక్కువ భాగం తవుడు. బి1 విటమిన్, పీచు, మొలక, నూనె చాలావరకు అందులోనే ఉంటాయి. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల ముడిబియ్యంలో బి1 దాదాపు 0.27 మిల్లీగ్రాములు ఉంటే, పాలిష్ పట్టిన పచ్చిబియ్యంలో 0.05 మాత్రమే ఉంది. కేలరీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండూ 350 చిల్లర. ఆ తవుడు పశువుల దాణాకి వెళ్తుంది, లేదా నూనె మిల్లుకి వెళ్లి గుండెకి మంచిదనే ప్రకటనతో సీసాలో మన ఇంటికే తిరిగొస్తుంది.

"మన పెద్దలు తిన్నది బ్రౌన్ రైసే" అనేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. రోట్లో మొదటి దంపుకి ఊక పోయేది, చేటతో చెరిగి మళ్లీ దంచేవారు. రెండో దంపులో తవుడు కొంత రాలిపోయేది. కాబట్టి దంపుడు బియ్యం పూర్తి ముడిబియ్యం కాదు, మర బియ్యమూ కాదు. ముఖ్యంగా, దాన్ని ఏ వారానికి ఆ వారం దంచుకున్నారు, చేదెక్కే వ్యవధి ఉండేది కాదు. ఇప్పుడు దంపుడు బియ్యం పేరుతో దొరికేది చాలావరకు రబ్బరు రోలర్ల మధ్య ఊక ఒలిచింది. అందులో తవుడు మొత్తం ఉంటుంది. అందుకే పెద్దలకి అరిగింది మీకు అరగలేదు. ఇక "సింగిల్ పాలిష్" అనే మాట మిల్లుకో రకంగా ఉంటుంది, చెప్పే మాటని బట్టి కాక మొలక చుక్కని బట్టి కొనండి.

మామయ్య గారి షుగర్ గురించి. చెన్నై మధుమేహ పరిశోధకులు ఒకే బియ్యాన్ని వేర్వేరు స్థాయుల్లో పాలిష్ పట్టి చూశారు. తిన్నది రక్తంలో చక్కెరని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె గ్లైసెమిక్ ఇండెక్స్. అది ముడిబియ్యానికి సుమారు 57 ఉంటే, గింజ బరువులో రెండు శాతం చిల్లర తీసేసే పాలిష్‌కే 73 దగ్గరికి, నాలుగు శాతం దాటితే 80 దగ్గరికి పోయింది. పొర కాస్త గీసుకున్నా నీళ్లు లోపలికి దూరి గింజ ఉబ్బిపోతుంది, పిండిపదార్థం త్వరగా అరుగుతుంది. కాబట్టి షుగర్ కోసమని సింగిల్ పాలిష్ కొంటే డబ్బు వృథా, పీచూ విటమిన్లూ కావాలంటే మాత్రం అది మంచిదే. రకం కూడా చూడాలి. రాజేంద్రనగర్‌లో తయారైన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, తక్కువ ఇండెక్స్ ఉన్న సన్నరకంగా పేరు తెచ్చుకుంది. ముడిబియ్యం గట్టిగా ఉందని గొడవపడే ఇంట్లో దాన్ని ప్రయత్నించవచ్చు. ఏ బియ్యమైనా ఆయన కంచంలో అన్నం ఒక కప్పు దాటకూడదు. పప్పు, కూర కలిపి అంతకు రెట్టింపు ఉండాలి. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో తిండిగింజల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించొద్దని చెప్పింది. మన ఇళ్లలో అది ఎంత ఎక్కువో వేరే చెప్పక్కర్లేదు. ఆయనకి కిడ్నీ సమస్య కూడా ఉంటే ముడిబియ్యం డాక్టరుని అడక్కుండా పెట్టకండి, అందులో భాస్వరం, పొటాషియం ఎక్కువ.

అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి. తార్నాకలో ఉన్న ఈ జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే పాలిష్ బియ్యం వల్ల. 1918లో తమిళనాడులోని కూనూరులో బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టినప్పుడు దాని పేరు బెరిబెరి విచారణ విభాగం. 1958లో హైదరాబాద్ వచ్చింది. బి1 లోపం వల్ల కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, చివరికి గుండె ఆగిపోయే ఆ జబ్బు మద్రాసు ప్రెసిడెన్సీలో మన ఉత్తర సర్కారు (చాలావరకు ఇప్పటి కోస్తాంధ్ర) జిల్లాల్లో ఎక్కువగా కనిపించేది. అక్కడ తిన్నది మరపట్టిన పచ్చిబియ్యం. ఉప్పుడు బియ్యం తిన్న జిల్లాల్లో ఆ జబ్బు పెద్దగా లేదు. వడ్లని నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు తవుడులోని బి విటమిన్లు కొంత గింజ లోపలికి దిగుతాయి, ఆ తర్వాత పాలిష్ పట్టినా మొత్తం పోవు. ఇందాకటి పట్టికల్లోనే పాలిష్ పట్టిన ఉప్పుడు బియ్యంలో బి1 దాదాపు 0.17 ఉంది, పచ్చిబియ్యానికి మూడు రెట్లు. ఇదీ ప్రాసెసింగే, కానీ మేలు చేసే ప్రాసెసింగ్.

అయినా మనం దాన్ని ఇడ్లీరవ్వకే పరిమితం చేశాం. గోదావరి జిల్లాల్లో పండిన బొండాలు అనే లావురకం వడ్లు ఉప్పుడు బియ్యమై కేరళకి పోతాయి. తెలంగాణ యాసంగి (రబీ) వడ్లని పచ్చిగా ఆడిస్తే ఎండవేడికి పగిలిన గింజ నూకలవుతుంది కాబట్టి ఉడకబెట్టక తప్పదు. ఉప్పుడు బియ్యం తినేవాళ్లు తగ్గారని కేంద్రం కొనుగోలు ఆపేస్తానంటే 2021, 2022లో ఎంత రగడ జరిగిందో గుర్తుండే ఉంటుంది. పండించే మనమే వారానికి రెండు పూటలు తింటే ఏం పోయింది? వాసన అంటారు. రోజుల తరబడి చన్నీళ్లలో నానిన వడ్లకి ఆ వాసన వచ్చేది, ఇప్పుడు మిల్లుల్లో వేడినీళ్లలో నానబెడుతున్నారు కనుక చాలా తగ్గింది. గంట నానబెట్టి, గ్లాసుకి మూడు గ్లాసుల నీళ్లు పోసి 20 నిమిషాలు ఉడికిస్తే పొడిపొడిగా వస్తుంది. పులిహోరకి, నిమ్మకాయ అన్నానికి దీన్ని మించింది లేదు. మీ పిల్లలకి ముందు ఇదే పెట్టి చూడండి.

మీ ఇంట్లో రేషన్ బియ్యం కూడా వాడుతుంటే, వాటిలో కాస్త వేరే రంగులో, నీళ్లలో తేలే గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ అని ఏరి పారెయ్యకండి. బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలా ఒత్తినవి అవి, వంద కిలోలకి ఒక కిలో చొప్పున కలిపినవి. గలగలా నాలుగైదు నీళ్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే వాటిలోని పోషకాలూ కొంత పోతాయి, మామూలు బియ్యంలో మిగిలిన ఆ కాస్త బి1 కూడా పోతుంది. రెండు నీళ్లు కడగండి, నీళ్లు ఇగిరేలా వండండి. వార్చే అలవాటు మానలేకపోతే ఆ గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపి తాగెయ్యండి.

ఇప్పుడు మీ దగ్గరున్న బస్తా వాసన చూడండి. చేదెక్కకపోతే జల్లించి, పురుగు పోయేలా ఫ్రీజర్‌లో విడతలుగా పెట్టి నెలలోపు దోసెల పిండికి వాడెయ్యండి. మూడు పాళ్లు ముడిబియ్యానికి ఒక పాలు మినప్పప్పు, చెంచా మెంతులు, 8 గంటల నాను. దోసె కరకరలాడుతూ వస్తుంది.